ఎస్‌డీఆర్ పెడితే సీపీయూ మండిపోతోందా? ఇలా ఒక్కొక్కటీ చూసుకుంటూ రండి

విజయవాడ సత్యనారాయణపురంలో మాది పై పోర్షన్, పోయిన మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (ఎస్‌డీఆర్ అంటే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో, కంప్యూటర్‌నే రేడియోగా మార్చే చిన్న యూఎస్‌బీ పరికరం ఇది) గుచ్చి రెయిన్‌బో 102.2 ఎఫ్ఎం పెడితే పాట ముక్కలు ముక్కలుగా వస్తోంది, లాప్‌టాప్ ఫ్యానేమో హోరెత్తిపోతోంది. అదే లాప్‌టాప్, అదే సెట్టింగు, పొద్దున ఆరింటికి మాత్రం శుభ్రంగా పాడేది. కొత్త లాప్‌టాప్ కొనేద్దామనుకున్నా గానీ చివరికి రూపాయి ఖర్చు లేకుండానే సర్దుకుంది, మీకూ చాలావరకు అలాగే సర్దుకుంటుంది. ఒక్కటే షరతు, ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలీదు.

ముందు లోడు ఎక్కడ పడుతోందో చూడాలి. టాస్క్ మేనేజర్‌లో 25 శాతమే ఉందిగా అనుకోకండి, నాలుగు కోర్ల మెషీన్‌లో ఒక్క కోర్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్క 25 దగ్గరే కనపడుతుంది, పాట మాత్రం తెగిపోతుంటుంది. సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ పెట్టుకోండి. లినక్స్‌లో అయితే టాప్ కమాండ్ కొట్టి 1 నొక్కితే కోర్లన్నీ విడివిడిగా వస్తాయి.

తర్వాత శాంపిల్ రేటు, అంటే డాంగిల్ సెకనుకి సిగ్నల్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క, అసలు బరువంతా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. రేటు ఎన్ని మెగాశాంపిల్స్ ఉంటే స్క్రీన్ మీద దాదాపు అన్ని మెగాహెర్ట్జ్ వెడల్పు కనపడుతుంది. 2.4 మెగాశాంపిల్స్ పెట్టారంటే సెకనుకి 24 లక్షల శాంపిల్స్, ఒక్కో దానికి రెండు బైట్లు, అంటే 48 లక్షల బైట్లు ఆగకుండా వచ్చిపడుతుంటాయి, వచ్చినవి వచ్చినట్టు లెక్కగట్టకపోతే పోయినవి పోయినట్టే, అదే మనకి వినపడే తెగుడు. ఒక ఎఫ్ఎం స్టేషన్‌కి కావాల్సింది సుమారు 200 కిలోహెర్ట్జ్ మాత్రమే. పోనీ అన్ని స్టేషన్లూ ఒకేసారి కనపడాలి అంటారా, మన దగ్గర మిర్చి 98.3, రెయిన్‌బో 102.2, మధ్యలో 3.9 మెగాహెర్ట్జ్ దూరం, 2.4 పెట్టినా రెండూ ఒక స్క్రీన్ మీదకి రావు కదా! అందుకే ప్లే ఆపి, 1.024 కి దించి, మళ్ళీ ప్లే చేయండి. ఇంకా బరువుగా ఉంటే 0.25 పెట్టి చూడండి, ఒక్క స్టేషన్ వినడానికి అదీ సరిపోతుంది. జీక్యూఆర్ఎక్స్ అనే రేడియో సాఫ్ట్‌వేర్ వాడుతుంటే డివైజ్ సెట్టింగుల్లో డెసిమేషన్ అని (వచ్చిన శాంపిల్స్‌ని తగ్గించేది) ఉంటుంది, అది పెంచినా తర్వాత జరిగే లెక్కలు తగ్గుతాయి.

అప్పటికీ తగ్గకపోతే వాటర్‌ఫాల్ సంగతి చూడండి, అంటే సిగ్నల్స్‌ని రంగుల్లో జారుతున్నట్టు చూపించే బొమ్మ. ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్ అనే సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే కింద ఎఫ్ఎఫ్‌టీ సైజు (బొమ్మ ఎంత సన్నగా విడదీసి చూపాలో), ఫ్రేమ్‌రేటు (సెకనుకి ఎన్నిసార్లు గీయాలో) ఉంటాయి, సైజు 65536 లో ఉంటే 8192 కి, ఫ్రేమ్‌రేటు 20 కి దించండి, కంటికి పెద్ద తేడా ఉండదు. ఎస్‌డీఆర్ షార్ప్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్ఎఫ్‌టీ సైజు పేరు రిజల్యూషన్. గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగ్గా లేకపోతే ఈ బొమ్మ గీసే పని కూడా సీపీయూ నెత్తినే పడుతుంది, లినక్స్‌లో రెండరర్ (బొమ్మ గీసే భాగం) పేరు ఎల్‌ఎల్‌వీఎం పైప్ అని కనపడిందంటే జరుగుతున్నది అదే, ముందు డ్రైవర్ సంగతి చూడండి. నాయిస్ రిడక్షన్ ప్లగిన్లు అవసరం లేనప్పుడు ఆపేయండి.

ఇక మన ఎండలు. మా మధ్యాహ్నం గొడవకి అసలు కారణం ఇదే. చిప్పు బాగా వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించేసుకుంటుంది, లెక్కలు టైముకి అవ్వవు. టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ దగ్గర గిగాహెర్ట్జ్ అంకె చూడండి, పక్కనున్న బేస్ స్పీడ్ కన్నా బాగా కిందకి పడిపోతుంటే సాఫ్ట్‌వేర్‌ని ఏమీ అనక్కర్లేదు. లాప్‌టాప్‌ని పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి, కింద గాలి ఆడాలి, ఫ్యాన్‌లో దుమ్ము దులిపించండి. ఛార్జర్ పెట్టి పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో ఉంచండి, కరెంటు పోయి బ్యాటరీ మీదకి వెళ్తే స్పీడు మళ్ళీ తగ్గొచ్చు.

గన్నవరం వచ్చే విమానాలు మ్యాప్‌లో చూడటమే మీ పనైతే వాటర్‌ఫాల్ ఉన్న సాఫ్ట్‌వేరే వద్దు, డంప్1090 అనే ప్రోగ్రామ్ వాడండి, విమానాలు తామెక్కడున్నాయో చెప్పే 1090 మెగాహెర్ట్జ్ ఒక్కటే పట్టుకుంటుంది, చాలా తేలిక. బ్లాకులు కలిపి సొంతంగా రేడియో తయారుచేసుకునే గ్నూ రేడియో సాఫ్ట్‌వేర్‌లో, డాంగిల్ లేకుండా ఉత్త సిగ్నల్ సోర్స్‌తో ఫ్లోగ్రాఫ్ (ఆ బ్లాకుల గొలుసు) నడిపితే మాత్రం అది ఆపేవాళ్ళు లేక కోర్ మొత్తం తినేస్తుంది, మధ్యలో ఒక థ్రాటిల్ బ్లాక్ (వేగానికి కళ్ళెం వేసేది) పెట్టండి. డాంగిల్ తగిలించాక ఆ బ్లాక్ తీసేయాలి, స్పీడు డాంగిలే చూసుకుంటుంది.