కుండీ మొక్కల వేర్లకు పట్టిన పిండినల్లిని వదిలించడం ఎలా?

మట్టి తడిగానే ఉన్నా మొక్క వాడిపోతుంటే, కింది ఆకులు పసుపుబారి కొత్త చిగురు సాగకుండా ఉంటే, మరో చెంబు నీళ్లు పోసే ముందు వేర్లను ఒకసారి చూడాలి. పిండినల్లి అంటే మొక్కల రసం పీల్చే, తెల్లని మైనపు పొడి కప్పుకున్న చిన్న పురుగు. ఆకుల మీది పిండినల్లి సులభంగానే కంటపడుతుంది. మట్టిలో దాగి వేర్ల రసం పీల్చే రకం మాత్రం కుండీ బోర్లించేదాకా బయటపడదు. అడీనియం, జేడ్, కాక్టస్ వంటి, నీరు తక్కువగా పోసే మొక్కలకు దీని బెడద ఎక్కువ.

మొదట కాండం మొదలును వేళ్ల మధ్య పట్టుకుని, కుండీని వంచి, అంచులను తట్టి మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీయండి. వేర్ల మీద, కుండీ లోపలి గోడ మీద దూదిపింజల వంటి తెల్లని మైనపు పొడి కనిపిస్తే అది పిండినల్లి గుర్తు. మట్టి గుల్లగా ఉండేందుకు కలిపే పెర్లైట్ గుళికలు కూడా తెల్లగానే ఉంటాయి గానీ, అవి నలిపితే గరుకుగా తగులుతాయి. పిండినల్లి మెత్తగా చిదిగి వేలికి అంటుకుంటుంది. వేర్లపై తెల్లదనం లేకుండా బొడిపెలు మాత్రమే ఉంటే అది మట్టిలోని నులిపురుగుల (నెమటోడ్ల) పని కావచ్చు; దాని చికిత్స వేరు.

తెగులు నిర్ధారణ కాగానే ఆ మొక్కను మిగతా వాటికి దూరంగా ఉంచి, పాత మట్టిని పూర్తిగా దులిపి, సంచిలో మూటకట్టి పారవేయండి, కంపోస్టులో కలపకూడదు. తరువాత వేర్లను ధారగా పడే నీటి కింద, సందుసందునా మెత్తని బ్రష్‌తో కడిగి, కుళ్లిన వాటిని శుభ్రమైన కత్తెరతో తీసివేయండి. మందు పోస్తే చాలునని చాలామంది ఈ పనిని దాటవేస్తారు. అసలు వైద్యం ఈ కడగడమే, ఎందుకంటే మైనపు పూత మీద పోసిన మందు పురుగు దాకా సరిగా చేరదు.

లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనెను కొద్దిగా కుంకుడు రసంతో బాగా గిలకొట్టి కలిపి, వేర్లను అందులో పది నిమిషాలు ముంచి ఉంచండి. ఇమిడాక్లోప్రిడ్ వంటి రసాయన పురుగుమందును తప్పనిసరి అయితేనే, సీసా మీది మోతాదు ప్రకారం వాడాలి. తులసి, కరివేపాకు, పుదీనా వంటి మనం తినే మొక్కలకు వద్దు, తేనెటీగలకు హాని గనుక పూసే మొక్కలకూ వద్దు.

పాత కుండీనే వాడదలిస్తే సబ్బునీటితో రుద్ది కడిగి, మట్టికుండీ అయితే మరిగే నీళ్లు కూడా పోసి, ఎండలో ఆరబెట్టండి. ఆకుమొక్కలను వెంటనే కొత్త మట్టిలో నాటవచ్చు. అడీనియం, కాక్టస్‌ల వేర్ల గాయాలు మానడానికి రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వాలి.

కడగగా మిగిలిన గుడ్లు తరువాత పొదుగుతాయి కాబట్టి, పది పదిహేను రోజులకొకసారి వేపనూనె ద్రావణాన్ని మట్టి తడిసేలా రెండు మూడు సార్లు పోయండి. పిల్లపురుగులు కుండీ అడుగు రంధ్రాల గుండా పక్క కుండీలోకి పాకుతాయి. అందుచేత కుండీకొక పళ్లెం పెట్టి, పక్కనున్న మొక్కల వేర్లనూ చూడండి. కుండీ చుట్టూ చీమలు బారులు తీరితే, పురుగు విసర్జించే తియ్యని ద్రవం కోసం వచ్చాయేమో గమనించాలి. నెలన్నర తరువాత మొక్కను మళ్లీ మెల్లగా బయటికి తీసి, ఎక్కడా తెల్లని పొడి లేదని చూసుకున్నాకే దాని పాత చోట పెట్టండి.