ఉల్లంఘించడం ఎక్కడ, మీరడం ఎక్కడ?

‘ఉల్లంఘించు’ రాసేటప్పుడు చాలామంది ‘ఘ’కి బదులు ‘గ’ వేస్తుంటారు. లోపల ఉన్నది లంఘించడమే, అంటే దూకడం, అని గుర్తుంచుకుంటే తప్పు రాయరు. ఉత్ + లంఘన = ఉల్లంఘన. నియమం గోడ అనుకోండి, దాన్ని దూకేయడమన్నమాట. (జ్వరమొస్తే చేసే లంఖణం కూడా ఈ లంఘనమే, పూట దాటేయడం!)

ఈ మాట చట్టం, నిబంధన, ఒప్పందం, ఆజ్ఞల పక్కన బాగా కుదురుతుంది. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహాన్ని శాసనోల్లంఘన అన్నది అందుకే. ఇంటి మాటల్లో మాత్రం బరువనిపిస్తుంది. ‘ఇచ్చిన మాట ఉల్లంఘించాడు’ అనకండి, ‘మాట తప్పాడు’ చాలు. హద్దులైతే మీరతాం. పెద్దల మాటకైతే ‘జవదాటడు’ ఉంది, ఎక్కువగా వ్యతిరేకార్థంలోనే: ‘వాడు అమ్మ మాట జవదాటడు.’