ఇంట్లోనే గ్రాఫిక్స్ పీసీ అసెంబుల్ చేసుకుందాం – 3వ భాగం: ముందు ర్యామ్, తర్వాతే కార్డు

పోయిన భాగంలో ప్రాసెసరు, మదర్‌బోర్డు సంగతి తేల్చేశాం కదా, రైజెన్ 5 5600 గాని ఐ5 12400 గాని, ఏది చవగ్గా దొరికితే అది. ఇప్పుడు ర్యామూ గ్రాఫిక్స్ కార్డూ. మనోళ్లు షాపులో అడుగుపెట్టగానే అడిగేది "అన్నా, ఎన్ని జీబీ కార్డు వేస్తావ్" అని. ఆగండి బాబూ, ముందు మీ ఫైలు బరువెంతో చూద్దాం, కాగితం పెన్ను తీయండి.

విజయనగరంలో సిరిమానోత్సవం దగ్గర పడిందంటే ఫ్లెక్సీ డిజైనర్లకి నిద్రుండదు. 10 అడుగులు బై 6 అడుగుల ఫ్లెక్సీ ఒకటి వచ్చిందనుకోండి, అంటే 120 అంగుళాలు బై 72. రిజల్యూషన్ 72, అంటే అంగుళానికి 72 పిక్సెల్స్ పెడితే 8640 బై 5184, దగ్గర దగ్గర నాలుగున్నర కోట్ల పిక్సెల్స్. ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల సీఎంవైకేలో పిక్సెల్‌కి 4 బైట్లు కాబట్టి ఫ్లెక్సీ నిండా పరుచుకున్న ఒక్క లేయరే 180 ఎంబీ. దానిమీద అమ్మవారు, నాయకుడు, కింద వరసగా శుభాకాంక్షలు చెప్పేవాళ్ల మొహాలు, మధ్యలో కస్టమర్ వచ్చి "మా బావమరిది ఫొటో కొంచెం పెద్దది చెయ్" అంటాడు, మీరు చేసిన ప్రతి మార్పుకీ హిస్టరీ అని ఫొటోషాప్ వెనకాల దాచుకుంటూ పోతుంది. ఇంక 8 జీబీ ఏ మూలకి?

కొంతమంది క్వాలిటీ అని చెప్పి అదే ఫ్లెక్సీని 300లో తెరుస్తారు. అప్పుడు 36000 బై 21600, ఒక లేయరుకే 3 జీబీ దాటిపోద్ది, పైగా పీఎస్‌డీ ఫైలుకి ఒక వైపు 30000 పిక్సెల్సే లిమిట్, కాబట్టి అందులో సేవ్ కూడా అవదు, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీ కావాలి. రోడ్డవతల నుంచి చూసే బొమ్మకి అంత అవసరమేటి చెప్పండి? ఆ అలవాటు మానుకుంటే సగం కంప్యూటర్ ఖర్చు తగ్గినట్టే. పెళ్లి ఆల్బమ్ అయితే వేరు, చేతిలో పట్టుకుని దగ్గర్నుంచి చూస్తారు కాబట్టి 300 ఉండాల్సిందే, 12 బై 36 అంగుళాల షీటు ఆర్‌జీబీలో (మూడు రంగులు, పిక్సెల్‌కి 3 బైట్లు) లేయరుకి 117 ఎంబీ దాకా వస్తుంది.

అందుకే నా లెక్కలో ర్యామ్ 16 జీబీ కనీసం, కుదిరితే 32. ఒకే స్టిక్ కాకుండా రెండు వేయండి, 8+8 గాని 16+16 గాని, డ్యూయల్ చానల్ వస్తుంది, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసి వేగం పెరుగుతుంది. నాలుగు స్లాట్ల బోర్డైతే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ, అయినా బోర్డుతో వచ్చిన పుస్తకం ఒకసారి చూసుకోండి. బోర్డుకి రెండే స్లాట్లుండి డబ్బులు చాలకపోతే ఇప్పుడు 16 ఒక్కటి వేసి, సీజన్ డబ్బులొచ్చాక రెండోది కొనుక్కోవడం మేలు, 8+8 వేస్తే తర్వాత రెండూ పీకి అమ్ముకోవాలి. బిగించాక బయోస్‌లోకి (బోర్డు సెట్టింగులు) వెళ్లి ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపించే సెట్టింగు, ఆన్ చేయడం మర్చిపోకండి, లేకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2133లోనో 2400లోనో నడుస్తూ కూచుంటుంది, మీకు తెలీనే తెలీదు.

ఇప్పుడు కార్డు. ఫొటోషాప్, కోరల్‌డ్రా, ఆల్బమ్‌లు ఇవే మీ పనైతే మొదట్లో కార్డు కొనొద్దు, నిజంగా చెప్తున్నా. ఐ5 12400లో గ్రాఫిక్స్ లోపలే ఉంది, సరిపోతుంది. కాకపోతే బాక్స్ మీద 12400 పక్కన ఎఫ్ అని ఉందేమో చూడండి, ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు, కార్డు లేకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. రైజెన్ 5 5600 కూడా అంతే, అందులో కార్డు లేకుండా కావాలంటే 5600జీ తీసుకోవాలి. ఈ లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఇలాగ కట్టుకునేవాళ్లకి రెండు స్టిక్కులు ఇంకా అవసరం.

బ్లెండర్‌లో త్రీడీ చేస్తానంటే మాత్రం కార్డే అసలు బండి. బ్లెండర్‌లో సీనుని బొమ్మగా తయారుచేసే (రెండరింగ్) సైకిల్స్ ఇంజిన్‌కి ఎన్విడియా తీసుకోండి, 2021లో వచ్చిన బ్లెండర్ 3.0 నుంచి ఏఎండీ కార్డులూ హిప్ అనే పద్ధతిలో పనిచేస్తున్నాయి గాని ఎన్విడియాలో ఆప్టిక్స్ అనే దాని సొంత పద్ధతి ఉంది, రెండరింగ్ బేగి అయిపోద్ది. తక్కువ బడ్జెట్‌లో ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీది నాకిప్పటికీ ఇష్టం. 4060 దానికంటే కొత్తది, కరెంటు తక్కువ తింటుంది, వేగం కూడా ఎక్కువే, కానీ మెమరీ 8 జీబీయే, పెద్ద సీను అందులో పట్టకపోతే ఆ వేగం ఏం చేసుకుంటాం? జాగ్రత్త, 3060లో 8 జీబీదీ ఒకటుంది, పేరు అదే, మెమరీ బస్ (కార్డు మెమరీకి డేటా వెళ్లే దారి వెడల్పు) 192 బిట్‌కి బదులు 128 బిట్. షాపువాడు "అదే కార్డన్నా" అంటాడు. అదే కాదు. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే విశాఖ వెళ్లైనా సరే, ఎదురుగా అరగంట రెండర్ నడిపించి, ఫ్యాన్లు చూసి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో 12 జీబీ, 192 బిట్ కనిపించాకే డబ్బులివ్వండి.

ఈ వారం ఇంటిపని: ఇప్పుడు వాడే సిస్టంలో మీ బరువైన ఫైలు ఒకటి తెరవండి, ఫొటోషాప్ కింద స్టేటస్ బార్‌లో బాణం గుర్తు నొక్కి ఎఫిషియెన్సీ పెట్టుకోండి, మామూలుగా ఓ గంట పని చేయండి. 100 శాతం దగ్గరే ఉంటే మీకున్న ర్యామ్ చాలు. కిందకి దిగుతుంటే ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకుంటోందన్నమాట, ఎంతకి దిగిందో రాసి పెట్టుకోండి. వచ్చే భాగంలో ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల కరెంటు సరఫరా చేసే పెట్టె), యూపీఎస్ – 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియా చెప్తోంది, కాబట్టి క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చినదాన్ని ఇప్పుడే తగిలించేయకండి.