చెక్ బౌన్స్ కేసులో సమన్లు తిరిగొస్తున్నాయా? ముందు అడ్రసు చూడండి

చెక్ బౌన్స్ కేసు వేసి ఏళ్లు గడిచినా అవతలివాడు కోర్టు మెట్లెక్కలేదని వాపోయేవాళ్లను కదిపి చూడండి, చాలామంది చెప్పేది ఒకటే: సమన్లు అందలేదు.

మొదటి అంచెలు తెలిసినవే. చెక్కు చెల్లలేదని బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లోపు నోటీసు, అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు, ఆపైన నెలలోపు ఫిర్యాదు. కోర్టు సమన్లకు ఆర్డరిచ్చాక ప్రాసెస్ మెమో (సమన్లు పంపమని కోరే కాగితం) వేసి బత్తా, అంటే సమన్లు పంపే ఫీజు, కట్టాలి. కట్టందే సమన్లు కదలవు. మరీ తాత్సారం చేస్తే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 227 కింద ఫిర్యాదునే కొట్టేయవచ్చు. బత్తా ఎంతో కోర్టు ఆఫీసులో అడిగితే చెబుతారు. "రెండు వేలివ్వండి, సమన్లు అందేలా నేను చూస్తా" అనేవాళ్లు గేటు దగ్గర తగులుతుంటారు. ఆ డబ్బుకు రసీదు రాదు.

అసలు చిక్కు అడ్రసుతోనే. ఒక పెద్దాయన మూడు వాయిదాలు వరసగా బత్తా కట్టారు, మూడుసార్లూ కవరు తిరిగొచ్చింది. చూస్తే అపార్ట్‌మెంట్ పేరుంది, ఫ్లాట్ నంబరు లేదు.

తిరిగొచ్చిన కవరు మీద ఏం రాశారో మీరే చదవండి. "తీసుకోవడానికి నిరాకరించారు" అని ఉంటే ఎన్ఐ చట్టం (చెక్ బౌన్స్ కేసులు నడిచే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం) సెక్షన్ 144 ప్రకారం సమన్లు అందినట్టే కోర్టు ప్రకటించవచ్చు. "తాళం వేసి ఉంది", "ఇల్లు మారారు" అని ఉంటే ఆ సెక్షన్ ఆదుకోదు. కేసుకు ముందు పంపిన లీగల్ నోటీసు ఇలా వెనక్కొచ్చినా చెల్లింది కదా అంటారు. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. పోలీసు ద్వారా పంపినప్పుడు మనిషి దొరక్కపోతే అతనితో కలిసి ఉండే, మేజరైన కుటుంబసభ్యులకు ఇవ్వవచ్చు. బీఎన్ఎస్ఎస్ అమల్లోకొచ్చిన 2024 జులై నుంచి ఆడవాళ్లు తీసుకున్నా చెల్లుతుంది. పనిమనిషికిస్తే మాత్రం చెల్లదు, చట్టం లెక్కలో పనివాళ్లు కుటుంబసభ్యులు కారు.

కంగారు పడకండి, ఇంకో దారుంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసుల్లో దస్తీ సమన్లకు, అంటే ఫిర్యాదుదారు చేతికే ఇచ్చి అందజేయించే పద్ధతికి వీలు కల్పించింది. (మన తెలంగాణ చేతిరుమాలు దస్తీ కాదు లెండి.) నిందితుడి ఈమెయిల్, వాట్సాప్ నంబరు కూడా ఇవ్వాలి, అవి అతనివేనని అఫిడవిట్ వేయాలి. పాత నంబరేదో ఊహించి రాసేయకండి, అబద్ధపు అఫిడవిట్ అయితే చర్య మీ మీదే.

కవరు తిరిగొస్తే "టైమివ్వండి" అని ఊరుకోకుండా ఆ వాయిదాకే కొత్త అడ్రసుతో మెమో, బత్తా పట్టుకెళ్లండి.