పది లైన్లలో ఘాట్ రోడ్డు: బేసిక్ పోటీకి చిన్న ఆట రాసే పద్ధతి

పాత కంప్యూటర్ల కోసం ఏటా జరిగే పది లైన్ల బేసిక్ పోటీలో (బేసిక్ ఒక ప్రోగ్రామింగ్ భాష; ప్రోగ్రామ్ మొత్తం పది లైన్లలోనే ముగియాలి) లైనుకు 80, 120, 256 అక్షరాల పరిమితితో వేర్వేరు విభాగాలుంటాయి. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే విద్యార్థులు మొదట 80 అక్షరాల విభాగాన్నే ఎంచుకోవాలని నా సూచన, ఎందుకంటే ఏది అవసరమో ఏది కాదో ఆ ఇరుకే తేల్చి చెబుతుంది. ముందు కథ అనుకుని దాన్ని పది లైన్లలో కుదించడం కంటే, యంత్రం తనంతట తానే చేసే పని ఏదో చూసుకుని దాని చుట్టూ ఆటను అల్లడం మేలు.

1982లో వచ్చిన కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌ను తీసుకుందాం. తెర మీద 25 వరుసలు, ఒక్కో వరుసలో 40 గడులు ఉంటాయి. అట్టడుగు వరుసలో ప్రింట్ చేస్తే తెర మొత్తం ఒక వరుస పైకి జరుగుతుంది. దారి పైకి జరుగుతోందంటే బండి కిందికి దిగుతున్నట్టే కాబట్టి, తిరుమల నుంచి దిగివచ్చే, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మన ఆటకు, అంటే దారి పక్క గోడలకు తగలకుండా బండి నడిపే ఆటకు, సహజంగా సరిపోతుంది.

మొదటి లైనులో తెర తుడిచి, ఆర్ఎన్‌డి(-టీఐ) అని ఒకసారి పిలవండి (ఆర్ఎన్‌డి యాదృచ్ఛిక సంఖ్యను ఇస్తుంది, టీఐ యంత్రపు గడియారం). లేకపోతే యంత్రం వేసిన ప్రతిసారీ అవే వంపులు వస్తాయి. పి=12 (దారి ఎడమ అంచు), ఎక్స్=16 (బండి ఉన్న గడి) అని పెట్టి, తర్వాతి లైనులో ట్యాబ్(12) దగ్గర రెండు చుక్కలు, ఆరు ఖాళీలు, రెండు చుక్కలు గల తిన్నని దారిని (చుక్క అంటే నక్షత్రం గుర్తు) 24 సార్లు ప్రింట్ చేయండి. ఇలా ముందే దారి పరచకపోతే ఆటగాడు మొదట్లోనే పక్కకు జరిగి గోడ బయట నిశ్చింతగా ఉండిపోతాడు.

ఆ తర్వాత తిరిగి తిరిగి నడిచే భాగం వస్తుంది. పి = పి + ఇంట్(ఆర్ఎన్‌డి(1)*3) - 1 అంటే దారి ఒక గడి అటో ఇటో జరుగుతుంది, లేదా అక్కడే ఉంటుంది. కమొడోర్ బేసిక్‌లో పోలిక నిజమైతే దాని విలువ -1 కాబట్టి, పి = పి - (పి<1) + (పి>28) అన్న ఒక్క వాక్యం ఇఫ్ అవసరం లేకుండానే రెండు అంచులనూ కాపాడుతుంది. ఆపై అదే దారి వరుసను ట్యాబ్(పి) దగ్గర ప్రింట్ చేయాలి. జాయ్‌స్టిక్‌కూ ఇదే సూత్రం: జె = పీక్(56320) చదివి (పీక్ అంటే జ్ఞాపకంలోని విలువను చూడటం; ఎడమకు తిప్పితే 123, కుడికి తిప్పితే 119 వస్తుంది), ఎక్స్ = ఎక్స్ + (జె=123) - (జె=119) అని రాస్తే బండి ఎడమకూ కుడికీ తిరుగుతుంది. స్పెక్ట్రమ్, అటారీ అనే ఇతర పాత కంప్యూటర్లలో నిజం విలువ 1 కాబట్టి అక్కడ గుర్తులు తారుమారు చేయాలి.

గోడకు రెండు చుక్కలు ఎందుకన్నది జాగ్రత్తగా గమనించాలి. ఒకే చుక్క ఉంటే, గోడ కుడికీ బండి ఎడమకూ ఒకే అడుగులో జరిగినప్పుడు రెండూ గడులు మార్చుకుని, బండి గోడలోంచి దూరిపోతుంది. రెండు చుక్కలుంటే ఆ సందు ఉండదు.

పదో వరుస (లెక్క సున్నా నుంచి) తెర జ్ఞాపకంలో 1424 దగ్గర మొదలవుతుంది. పీక్(1424+ఎక్స్) విలువ 32, అంటే ఖాళీ అయితే, అక్కడ వి అక్షరానికి 22ను, రంగు కోసం 55696+ఎక్స్ వద్ద 1ని పోక్ చేసి (అంటే జ్ఞాపకంలో రాసి), స్కోరు పెంచి, దారి లెక్క ఉన్న లైనుకు గోటూ రాయాలి. దెన్ తర్వాత ఆ లైనులో ఉన్నదంతా షరతు నిజమైతేనే నడుస్తుంది కనుక, బండి గుద్దుకుంటే నియంత్రణ తనంతట కింది లైనుకు జారి స్కోరు చూపుతుంది. పాత బండి గుర్తు తెరతోపాటు పైకి పోయి జాడగా మిగులుతుంది, చెరపనక్కర్లేదు.

మిగిలిన లైన్లను అలంకారానికి ఖర్చు చేయకుండా, స్కోరు 300 దాటాక దారిని ఇరుకు చేయడానికి వాడండి. అప్పుడు వరుస పొడవు తగ్గించకుండా రెండు ఖాళీలను చుక్కలుగా మార్చాలి. పొడవు తగ్గితే బండి మళ్లీ బయటపడే సందు దొరుకుతుంది.

కమొడోర్‌ను అనుకరించే వైస్ ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అసలు యంత్రపు వేగంతోనే పరీక్షించండి. పంపేటప్పుడు జాయ్‌స్టిక్ రెండో పోర్టులో ఉండాలని, ఒక్కో లైను ఏం చేస్తుందో వివరించే చిన్న పత్రాన్ని జతచేయండి.