మారిస్ విల్క్స్ కథ బడిలో చెప్పాలనుకుంటే ముందు శెనక్కాయలు తెచ్చుకోండి

అనంతపురం చుట్టుపక్కల హైస్కూళ్లలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్స్ క్లబ్బో కంప్యూటర్ పీరియడో చూసుకునే టీచర్ల కోసం ఇది రాస్తున్నా. కంప్యూటర్ చరిత్ర అనగానే మనం బాబేజ్ దగ్గర మొదలుపెట్టి ఒక్క గెంతులో ల్యాప్‌టాప్ దగ్గర దిగేస్తాం, మధ్యలో ఈ మెషీన్లను నిజంగా కూర్చుని డిజైన్ చేసినవాళ్ల పేర్లు కూడా పిల్లలకు తెలియవు. వాళ్లలో మారిస్ విల్క్స్ కథ చెప్పడానికి ప్రొజెక్టర్ అక్కర్లేదు, కరెంటు పోయినా పాఠం ఆగదు. రెండు పీరియడ్లు కలిపి దొరికితే చాలు.

రోజు ఎంచుకునేటప్పుడు జూన్ 26 పెట్టుకోండి, ఆయన పుట్టినరోజు (1913, ఇంగ్లండ్‌లోని డడ్లీ ఊరు). బడులు తెరిచి రెండు వారాలే అయ్యుంటుంది, పరీక్షల టెన్షన్ ఎవరికీ ఉండదు. ఆయన కేంబ్రిడ్జిలో కట్టిన కంప్యూటర్ ఎడ్‌శాక్ మొదటి ప్రోగ్రామ్ నడిపింది 1949 మే 6న, కానీ ఆ తేదీకి మన బడులకు తాళాలు, బయట నిప్పులు చెరిగే ఎండ.

సామాను పెద్దగా లేదు. పాతూరు మార్కెట్‌లోనో మీ ఊరి అంగట్లోనో ఒక పావుకిలో శెనక్కాయలు, పొట్టు తీయనివి. చాక్‌పీసులు, పాత కేలండర్ వెనక్కి తిప్పి కత్తిరించిన అట్టముక్కలు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా: ఈ పాఠంలో పాదరసం పేరు వస్తుంది కదా అని థర్మామీటర్ పగలగొట్టి పిల్లలకు చూపించకండి. ఆ ఆవిరి విషం, చేతుల్లో ఆడించే వస్తువు కాదది.

"ఆయన ఫలానా సంవత్సరంలో జన్మించెను" అని మొదలుపెడితే వెనక బెంచీ వాళ్లు అక్కడికక్కడే నిద్రపోతారు. అందుకే ముందు మెషీన్ ఆడించండి, మనిషి సంగతి తర్వాత.

ఎనిమిది మందిని వేపచెట్టు కింద గుండ్రంగా నిలబెట్టండి, గుండ్రంలో ఒకచోట ఖాళీ వదిలి అక్కడ కొంచెం చురుకైన పిల్లను కాపలాగా పెట్టండి. చేతిలో కాయ ఉంటే 1, ఖాళీ చెయ్యి 0. మీరు చప్పట్లు కొట్టినప్పుడల్లా ప్రతి ఒక్కరూ తమ చేతిలో ఉన్నది, అది కాయైనా ఖాళీ అయినా, కుడిపక్క వాళ్లకు అందించాలి. ఇప్పుడు 13 అనే సంఖ్యను లోపలికి పంపండి: బైనరీలో, అంటే 0, 1 లతోనే రాసే పద్ధతిలో, 1101, కుడి చివరి (ఒకట్ల) అంకె వైపు నుంచి మొదలుపెట్టి కాయ, ఖాళీ, కాయ, కాయ, ఆ తర్వాత నాలుగు ఖాళీలు. ఎడ్‌శాక్ కూడా ఈ ఒకట్ల అంకె ముందు వచ్చేలాగే పనిచేసేది. చివరి పిల్లాడి దగ్గరికి వచ్చిన కాయ చేతులు మారీ మారీ నలిగిపోయి ఉంటుంది, కాపలా పిల్ల దాన్ని తీసేసి సంచిలోంచి కొత్త కాయ ఇచ్చి మళ్లీ మొదటివాడికి పంపాలి. చప్పట్లు ఆగనంతవరకు 13 అలా తిరుగుతూనే ఉంటుంది. అదే జ్ఞాపకం, అంటే మెమరీ.

అసలు మెషీన్‌లో పిల్లల బదులు పాదరసం నింపిన గొట్టం ఉండేది, సుమారు అయిదడుగుల పొడవు. ఒక చివర స్ఫటికం కరెంటు పల్స్‌ను ధ్వనిగా మార్చి పాదరసంలోకి వదిలేది, అది మిల్లీసెకన్ పైచిలుకు సమయంలో అవతలి చివరికి చేరితే అక్కడి స్ఫటికం దాన్ని మళ్లీ కరెంటుగా మార్చేది, నీరసించిన పల్స్‌కు బలం ఇచ్చి తిరిగి మొదటికి పంపేవాళ్లు. వేడి మారితే పాదరసంలో ధ్వని వేగం మారుతుంది, అందుకని ఉష్ణోగ్రతను అదుపులో ఉంచాల్సి వచ్చేది. మన ఊరి ఏప్రిల్‌లో పెట్టి ఉంటే ఏమయ్యేదో పిల్లల్నే ఊహించమనండి. మొదట్లో ఎడ్‌శాక్ మెమరీ 512 పదాలు (పదం అంటే మెమరీలో ఒక గది), ఒక్కో పదానికి 17 బిట్లు, అంటే 17 సున్నాలో ఒకట్లో. లెక్కేస్తే ఒక కిలోబైటు కంటే కాస్త ఎక్కువ, ఫోన్‌లో ఒక చిన్న ఫొటో కూడా పట్టదు.

ఆట మధ్యలో ఎవడో ఒకడు కాయ నోట్లో వేసుకుంటాడు, ఖాయం. తిట్టకండి, ఆపి అడగండి, ఇప్పుడు సంఖ్య ఎంతయింది అని. ఒక్క 1 కాస్తా 0 అయ్యేసరికి 13 పోయి 12, 9, 5 ఏదో ఒకటి అయి ఉంటుంది. ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే వేయండి: ఫలానా బిట్ ఇప్పుడే కావాలంటే ఎలా? అది తిరిగి కాపలా దగ్గరికి వచ్చేదాకా ఆగాల్సిందే. ఈ ఎదురుచూపు గుర్తుపెట్టుకోమనండి, కథ చివర్లో పనికొస్తుంది.

రెండో ఆట కొంచెం చిన్నది. ఎడ్‌శాక్‌లో ప్రతి ఆదేశానికి ఒక అక్షరం ఉండేది, మనకు అట్టముక్కల మీద "కూడు", "దాచి తుడువు" రాసుకుంటే చాలు. ఒక పిల్ల పలకతో కూడిక చేసే చోటు, మిగతావాళ్లు నంబర్లు వేసుకున్న గదులు. 1, 3, 5, 7 వరసగా కూడుకుంటూ పోతే 1, 4, 9, 16 వస్తాయి కదా, వర్గాల పట్టిక అలా తయారు చేయించండి. ఎడ్‌శాక్ నడిపిన మొదటి ప్రోగ్రామ్ కూడా వర్గాల పట్టికే, 0 నుంచి 99 వరకు. పలకమీద ఉన్నది దాచాక తుడవడం ఎవరో ఒకరు మర్చిపోతారు, లెక్క అంతా తారుమారు. తప్పు వెతకడం వాళ్లకే వదిలేయండి. విల్క్స్ కూడా 1949లో తన ప్రోగ్రామ్‌లో తప్పులు వెతుకుతూ, మిగిలిన జీవితంలో మంచి భాగం సొంత తప్పులు వెతకడానికే పోతుందని మెట్ల దగ్గర హఠాత్తుగా తట్టిందని తర్వాత రాసుకున్నాడు. నా లెక్కలో పిల్లలకు ఇంటికి తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచి ముక్క ఇంకోటి లేదు.

ఇప్పుడు కూర్చోబెట్టి మనిషి గురించి చెప్పండి. చిన్నప్పుడే రేడియో పిచ్చి. కేంబ్రిడ్జిలో గణితం చదివి, రేడియో తరంగాల మీద పరిశోధన చేసి, యుద్ధకాలంలో రాడార్ పనిలో ఉన్నాడు. 1945లో కేంబ్రిడ్జి మ్యాథమెటికల్ లాబొరేటరీ బాధ్యత చేతికొచ్చింది, 1980 దాకా అక్కడే. 1946లో గణితవేత్త వాన్ నాయ్‌మన్ ఎడ్వాక్ అనే అమెరికా కంప్యూటర్ ప్లాను మీద రాసిన రిపోర్టు ఒక్క రాత్రికి చేతికొస్తే, కాపీ తీసుకునే మెషీన్లు లేని కాలం కాబట్టి, నిద్ర మానుకుని చదివాడు. ఆ ఆగస్టులో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కంప్యూటర్ల మీద పాఠాలు చెప్తున్నారంటే బయల్దేరాడు, ఓడ దొరకడం ఆలస్యమై కోర్సు చివర్లో చేరాడు, తిరుగు ఓడలోనే సొంత మెషీన్ బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. పాదరసం గొట్టం ఎలా కట్టాలో యుద్ధంలో రాడార్ మీద పనిచేసిన థామస్ గోల్డ్ చెప్పాడు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పండి, ఎందుకంటే ఆయన గొప్పదనం నాకు కనిపించేది ఈ చోటే. ఆయన అన్నిటికంటే వేగమైన మెషీన్ కోసం పరుగెత్తలేదు. నిదానమైన క్లాకు (మన చప్పట్ల లాంటిది), తెలిసిన విడిభాగాలు, దాదాపు 3000 వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు), సెకనుకు 650 ఆదేశాలు మాత్రమే. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి వాడుకునే మెషీన్ త్వరగా నడవాలి, అంతే. అలాగే 1950 నుంచి రోజువారీ లెక్కలకు అందుబాటులోకి వచ్చింది. ప్రోటీన్ నిర్మాణం కనిపెట్టి 1962లో నోబెల్ తీసుకున్న జాన్ కెండ్రూ లెక్కలు దాని మీద నడిచాయి. ఇంగ్లండ్‌లో టీ అంగళ్లు నడిపే లయన్స్ కంపెనీ ఈ పనికి డబ్బిచ్చి, అదే దారిలో లియో అనే సొంత ఆఫీసు కంప్యూటర్ కట్టుకుంది. టీ కంపెనీ కంప్యూటర్ అనగానే క్లాసంతా నవ్వుతుంది, నవ్వనివ్వండి.

"మొదటి కంప్యూటర్ ఇదేనా సార్" అని తప్పకుండా అడుగుతారు. కాదనే చెప్పండి. ప్రోగ్రామ్‌ను తన మెమరీలోనే పెట్టుకుని నడిపిన చిన్న ప్రయోగపు మెషీన్ 1948 జూన్‌లోనే మాంచెస్టర్‌లో ఉంది, ఎడ్‌శాక్ ప్రత్యేకత నలుగురికీ ఉపయోగపడటం.

మిగతా జీవితం త్వరగా ముగించవచ్చు, రెండు సంగతులు తప్ప. 1951లో ఆయన మైక్రోప్రోగ్రామింగ్ ఆలోచన బయటపెట్టాడు: ప్రాసెసర్ ఒక్కో ఆదేశాన్ని ఎలా నెరవేర్చాలో ఆ చిన్న చిన్న అడుగులను తీగల చిక్కుముడిలో కాకుండా ఒక పట్టికలో రాసి పెట్టడం. 1958లో వచ్చిన ఎడ్‌శాక్ 2 అలాగే కట్టారు. రెండోది, మెమరీ దగ్గర ఎదురుచూపు గుర్తుందా, దానికి మందుగా 1965లో చిన్న వేగమైన మెమరీని పెద్దదాని ముందు పెట్టమని రాశాడు. ఈరోజు మన ఫోన్లలో క్యాష్ (cache) అంటున్నది అదే. 1967లో కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు, 2000లో సర్ బిరుదు, 2010 నవంబర్ 29న 97 ఏళ్ల వయసులో మరణం.

చివర్లో ల్యాబ్‌లో కంప్యూటర్ ఒక్కటైనా పనిచేస్తుంటే ఎడ్‌శాక్ సిమ్యులేటర్ (ఆ మెషీన్‌లా నడిచే ప్రోగ్రామ్) వేసి చూపించండి, వార్విక్ యూనివర్సిటీలో చేసినది ఉచితంగా దొరుకుతుంది. ముందురోజే ఒకసారి నడిపి చూసుకోండి, నలభై మంది చుట్టూ మూగాక సెట్టింగులు వెతకడం కుదరదు. మళ్లీ ఏడాది ఇదే పాఠం చేసేటట్టయితే కాయలు అరకిలో కొనండి, పావుకిలో నిజానికి సరిపోదు.