ఉభాల ముందు జీలుగ చల్లాలా, వద్దా

మాది కాశీనగర్ వైపు, వంశధార పక్కన మూడెకరాల పల్లం. రోహిణి కార్తె దగ్గర పడగానే ఊళ్ళో కుర్రాళ్ళు అడుగుతారు: "పెద్దమ్మా, ఈసారి జీలుగ చల్లమంటావా?" మీ ఉభాలు, అదే వరి నాట్లు, ఎప్పుడో ముందు చెప్పండ్రా అంటాను. జీలుగ అంటే పూతకు రాగానే మడిలోనే దున్నేసే పచ్చిరొట్ట ఎరువు పైరు.

ఉభాల నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. జీలుగ పూతకు రావడానికి 45 నుంచి 50 రోజులు, కలియదున్నాక కుళ్ళడానికి ఇంకో వారం, పది రోజులు. జూలై ఆఖరున ఉభాలైతే మే ఆఖరుకే విత్తనం పడాలి. అప్పటికి మొలకకు సరిపడా వాన పడిందా? జూన్ 10 దాటాక పడితే నేను చల్లను.

తర్వాత పశువులు. వేసవిలో మా దగ్గర వాటిని విడిచిపెట్టేస్తారు. చుట్టూ బీడు పెట్టి మీరొక్కరే చల్లితే మేకలు మొదలంటా కొరికేస్తాయి. గట్టు పక్కవాళ్ళతో మాట్లాడి నలుగురూ కలిసి చల్లండి.

అన్నిటికంటే ముఖ్యం దమ్ముకు, అంటే మడిని బురదగా దున్నడానికి, నీళ్ళు. ఒక ఏడు వాన ఆలస్యమై, ట్రాక్టరూ దొరక్క 70 రోజులు వదిలేశాను. కాడలు కట్టెల్లా ముదిరిపోయాయి. అలాగే దున్ని మూడో రోజునే ఊడ్చాం. మట్టిలో అవి కుళ్ళుతూ ఉన్న సత్తువంతా లాక్కున్నాయి, నారు పసుపు రంగుకు తిరిగిపోయింది. ఆ మడి చూసి నాకు అన్నం సహించలేదు. సమయానికి నీళ్ళు వస్తాయన్న నమ్మకం లేకపోతే వద్దు.

పచ్చిరొట్టకు మెరక పొలమైతే జనుము మంచిది, కానీ నీరు నిలిస్తే చచ్చిపోతుంది. మేత కూడా కావాలంటే పిల్లిపెసర. పల్లానికి జీలుగే, ఎకరాకు 12 కిలోలు. గత్తం (పశువుల ఎరువు) బాగా తోలిన మడికి ఏదీ అంత అవసరం లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కింద మడిలో ఇసుక మేట వేసింది. దానికి మాత్రం బోరు నీళ్ళు కొనైనా ఏటా చల్లుతున్నాను. ఇప్పుడు ఆ మడిలో తడి మునుపటికంటే ఎక్కువ రోజులు నిలుస్తోంది.

చల్లాక నెలకు ఒక మొక్క పీకి వేరు మీద బుడిపెలు గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని పడుతోందని అర్థం. అలా ఉన్న ఏడు నేను మొదటి దఫా యూరియా సగమే వేస్తాను.